వయసు మళ్ళిన సంతకం

నోటీసు వచ్చిన వేళకి కళ్ళజోడక్క దుకాణంలో ఉంది. అందుకే అది నేరుగా అమ్మ చేతిలో పడింది. ముందు అక్క కంట పడి ఉంటే చించి పారేసేదో, మడిచి ఏ పెట్టె అడుగునో దాచేసేదో, ఏదో ఒకటి చేసేది. అలా జరగలేదు.

వీధిలో అందరూ ఆమెని కళ్ళజోడక్క అనే పిలుస్తారు. బస్టాండు ఎదురుగా ఉన్న కళ్ళద్దాల దుకాణంలో ఇరవై ఏళ్ళుగా పని. ముందు గదిలో యజమాని బేరాలాడుతుంటే, వెనక గదిలో ఈమె తిరిగే సానరాయి ముందు కూర్చుని అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. రాయి మీద బొట్టుబొట్టుగా నీళ్ళు పడుతూనే ఉండాలి, లేకపోతే అద్దం వేడెక్కి చిట్లుతుంది. సాయంత్రానికల్లా వేళ్ళ కొసలు నానిపోయి ముడతలు పడతాయి. పెళ్ళి ఒకటి అయింది కానీ మూడేళ్ళు తిరక్కుండానే తెగిపోయింది. నలభై రెండేళ్ళ వయసులో అమ్మానాన్నలతో, పుట్టిన ఇంట్లోనే ఉంటోంది.

ఆ సాయంత్రం ఆమె వచ్చేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మోకాళ్ళ నొప్పులతో కుర్చీలోంచి లేవాలంటేనే పదిసార్లు ఆలోచించే మనిషి.

"తమ్ముడి కబురొచ్చిందే," అంది.

అక్క భుజాన ఉన్న సంచి జారి కిందపడింది.

పదేళ్ళ కిందట ఏరు దాటే పడవ మునిగింది. అందులో పద్నాలుగు మంది. తొమ్మిది మంది ఈదుకుంటూనో, ఎవరో లాగితేనో ఒడ్డున పడ్డారు. ఇద్దరి శవాలు దొరికాయి. మిగతా ముగ్గురూ ఏమయ్యారో ఎవరికీ తెలియలేదు. ఆ ముగ్గురిలో తమ్ముడొకడు. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో ఎడమవైపు ఆడేవాడు. సన్నగా, పొట్టిగా ఉండి, ఇద్దరు దిట్టమైన మనుషుల సందులోంచి కూడా బంతితో తుర్రుమనేవాడు కాబట్టి మైదానంలో వాడి పేరు పిట్ట. వారం రోజులు వలలు వేసి వెతికారు. తరవాత మున్సిపాలిటీ వాళ్ళు కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే అమ్మ పెట్టలేదు. "కనపడని మనిషిని పోయాడని ఎలా రాస్తారు? కనపడలేదని రాయండి, పెడతాను," అంది. అలా కాగితాల్లో తమ్ముడు చావకుండా ఉండిపోయాడు.

"ఎవరు చెప్పారమ్మా?" అంది అక్క.

"ఎవరో చెప్పడం కాదు. గవర్నమెంటు రాసింది." అమ్మ కాగితం చాపింది.

పైన తమ్ముడి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. పోయిన ఏడాది మార్చి దాకా క్లబ్బు నుంచి నెలనెలా జీతం అందుకున్నట్టు రికార్డులున్నాయనీ, ఆ జీతాల మీద పన్ను జమకాలేదనీ, వచ్చే నెల పన్నెండో తారీఖున కోర్టుకి స్వయంగా రావాలనీ ఉంది.

"పోయినేడు మార్చి," అంది అమ్మ, ఆ రెండు మాటల్నీ నోట్లో చప్పరిస్తున్నట్టు. "అంటే వాడు ఏటిలో పోలేదు. ఎక్కడో ఉన్నాడు. జీతం తీసుకుంటున్నాడు."

"ఇదేదో పొరపాటమ్మా. పేర్లు తారుమారై ఉంటాయి."

"నువ్వూరుకో. డబ్బు రావలసిన దగ్గర గవర్నమెంటు పొరపాటు చేస్తుందా?"

లోపల నాన్న పేపరు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అదే క్లబ్బులో ముప్ఫై ఏళ్ళు టికెట్ల కిటికీలో కూర్చున్న మనిషి. ఈ మాటలన్నీ ఆయనకి వినపడుతూనే ఉండాలి. ఆయన పేజీ తిప్పలేదు, తల ఎత్తలేదు. ముసలితనంలో చెవులు మందగించాయి పాపం అనుకుంది అక్క.

ఆ రోజు నించీ ఆ ఇంట్లో ముగ్గురు కాదు, నలుగురున్నట్టయింది. అమ్మ తమ్ముడి చొక్కాలు బయటికి తీసి ఉతికి ఆరేసింది. పగలంతా వీధి తలుపు గడియ వెయ్యనివ్వలేదు. "వాడి దగ్గర తాళంచెవి లేదుగా," అనేది. కూర్చున్నచోటే ఉన్నట్టుండి చెయ్యెత్తి "ష్" అనేది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి వినేవారు. వినేకొద్దీ నిజంగానే ఎవరో మెట్లెక్కుతున్నట్టుండేది. పక్కింటివాళ్ళ మెట్లేమో. అంతకుముందు ఆ చప్పుడు ఎన్నడూ వినలేదెందుకో.

ఇదంతా అమ్మ భ్రమ అని అక్క తనకి తాను చెప్పుకుంటూ వచ్చింది. ఒకరోజు పొద్దున్నే బస్సు కిటికీలోంచి, పేవ్‌మెంటు మీద నడిచిపోతున్న మనిషొకడు కనిపించాడు. ఎడమ భుజం కాస్త కిందకి వాలి ఉంది. అడుగు తీసి అడుగు వేసే ముందు మడమ చిన్నగా ఎగురుతోంది. అక్క మధ్యలోనే దిగిపోయింది. రెండు వీధులు వాడి వెనకే వెళ్ళింది. పిలుద్దామంటే నోరు రాలేదు. మందుల దుకాణం ముందు అతను ఆగి వెనక్కి తిరిగాడు. ఎవరో ముఖం. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో.

"ఏం కావాలండీ?"

"టైమెంతయింది?" అని అడిగింది అక్క, తన చేతికే గడియారం పెట్టుకుని.

తమ్ముడు ఉంటే వాడికీ అంత వయసే ఉండేది. దుకాణానికి చేరేదాకా ఆమె అదే లెక్క వేసుకుంటూ ఉంది.

మర్నాడు సెలవు పెట్టి పన్నుల ఆఫీసుకి వెళ్ళింది. మూడో అంతస్తు, మూలగదిలో జలుబుతో ముక్కు తుడుచుకుంటూ ఒక ఆఫీసరమ్మ కూర్చుని ఉంది. ముక్కు ఎర్రబడింది కానీ మనిషి మంచిది. కుర్చీ చూపించి, విసుక్కోకుండా చెప్పింది.

"క్లబ్బుతో ఈ గొడవ మూడేళ్ళ నించీ నడుస్తోందమ్మా. ఆటగాళ్ళ జీతాల్లోంచి పన్ను కోశారు, మాకు కట్టలేదు. అడిగితే వాళ్ళ లాయరు కొత్త పాట ఎత్తుకున్నాడు. వీళ్ళు మా ఉద్యోగులే కాదు, ఎవరి పన్ను వాళ్ళే కట్టుకోవాలి అన్నాడు. సరే, జాబితాలో ఉన్న ముప్ఫై నలుగుర్నీ పిలిచి వాళ్ళనే అడుగుదాం అంది కోర్టు. అందులో మీ తమ్ముడొకడు."

"మా తమ్ముడు లేడండి."

"ఊళ్ళో లేడా?"

"లేడు." పదేళ్ళలో ఆమె ఆ మాటకి ఇంకో మాట జోడించి ఎరగదు.

ఆఫీసరమ్మ గొంతు తగ్గించింది. "చనిపోయి ఉంటే సర్టిఫికెట్ తెచ్చివ్వండి. అది లేకపోతే మా దృష్టిలో బతికున్నట్టే. పైగా సంతకాలున్నాయి."

"సంతకాలా?"

ఆవిడ ఒక ఫైలు తెరిచి ఇటు తిప్పింది. నెలకొకటి చొప్పున తొమ్మిదేళ్ళ రసీదులు. ప్రతిదాని కింద తమ్ముడి సంతకం.

పద్నాలుగేళ్ళప్పుడు ఆరు నెలలు కూర్చుని నోటుపుస్తకాల వెనక అభ్యాసం చేసి మరీ కుదుర్చుకున్న సంతకం అది. "రేపు దీనికోసం జనం ఎగబడతారే అక్కా, అప్పటికప్పుడు కంగారుపడితే బాగుండదు," అనేవాడు. చివరి అక్షరం తోక పేరు కిందగా పరుగెత్తి, కొసన చిన్న సున్నాలా చుట్టుకుంటుంది. ఆ సున్నా బంతి అట. నవ్వి నవ్వి చచ్చేవాళ్ళు ఇంట్లో. ఇప్పుడు ఆ బంతి నూట ఎనిమిదిసార్లు ఆమె కళ్ళ ముందు దొర్లింది. పదేళ్ళుగా లేని చెయ్యి తిప్పిన బంతి.

బతిమాలితే మూడింటికి జిరాక్సు ఇచ్చారు. మొదటి ఏడాదిది ఒకటి, అయిదో ఏడాదిది ఒకటి, ఆఖరిది ఒకటి.

దుకాణంలో మధ్యాహ్నం యజమాని భోజనానికి వెళ్ళాక, అక్క ఆ మూడింటినీ పక్కపక్కన పరిచి, దీపం దగ్గరికి లాగి, అద్దాల మీద గీతలు చూసే భూతద్దం కంటికి ఆనించింది. ఇరవై ఏళ్ళుగా రోజూ చేత్తో పట్టుకునే వస్తువు. దాని పేరులో భూతం ఎందుకుందో ఆరోజే తట్టింది ఆమెకి.

మొదటి సంతకం దిట్టంగా ఉంది. కలం ఎక్కడా తడబడలేదు. రెండోదానిలో పైకి లేచే గీతలు కాస్త నెమ్మదించాయి. మూడోదాంట్లో ప్రతి గీతా వణికింది. పైకి వెళ్ళే చోటల్లా చిన్నచిన్న మెలికలు. కొసన ఉన్న బంతి గుండ్రంగా లేదు, నొక్కుకుపోయింది. ఒక మనిషి తొమ్మిదేళ్ళలో ఎలా వంగిపోతాడో అలా వంగిపోయింది ఆ సంతకం. దానికి వయసు మళ్ళింది.

ముప్ఫై అయిదేళ్ళవాడి చెయ్యి ఇలా వణకదు అని అక్క బుద్ధికి తెలుస్తూనే ఉంది. అయినా ఒళ్ళు వేరే మాట చెప్పింది. వాడు ఎక్కడో ఉన్నాడు, జబ్బుపడి ఉన్నాడు, ముసలివాడైపోతున్నాడు అంది.

ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని ఇంటికి తేవడం ఆమె చేసిన తప్పు. ఆమె ముఖం కడుక్కుంటూ ఉండగా అమ్మ సంచి తీసింది. తువ్వాలు పట్టుకుని వచ్చేసరికి మూడింటినీ ఒళ్ళో పరుచుకుని, ఆఖరిదాని మీద వేలు పెట్టి రాస్తోంది.

"వాడి చేతికి ఏమయిందే? ఇంతలా వణుకుతోందేం? అన్నం సరిగ్గా తినడంలేదా ఏం పాడో." అమ్మ కళ్ళు కారిపోతున్నాయి, అయినా ముఖంలో నోటీసు వచ్చిననాటి వెలుగు పోలేదు. "ఏమండీ, చూశారా? మీ కొడుకు రాశాడు."

నాన్న వచ్చి చూశాడు. అద్దాలు పెట్టుకోకుండానే చూశాడు. "ఊ," అని, వీధిలోకి వెళ్ళిపోయాడు.

అద్దాలు లేకుండా గోడ మీద క్యాలెండరు కూడా చదవలేని మనిషి, చూసినట్టు ఎందుకు నటించాడు? చూడక్కర్లేదు కాబట్టా? అక్కకి ఆ అనుమానం మొదట పురుగులా చిన్నగా పాకింది. దాన్ని విదిలించుకోవాలని చూసింది. రెండు రోజులకి ఇక ఉండబట్టలేక, నాన్న కళ్ళజోడుకి కొత్త అద్దాలు బిగించి తెచ్చి, దుకాణం రసీదు పుస్తకం ముందు పెట్టింది.

"యజమాని సంతకం పెట్టించుకు రమ్మన్నాడు నాన్నా."

నాన్న తన పేరు రాశాడు. పేరు వేరు, అక్షరాలు వేరు. కానీ కలం పైకి లేచినచోటల్లా అవే మెలికలు. భూతద్దం అక్కర్లేకపోయింది. ఆయన తలెత్తి కూతురి ముఖం చూశాడు. చూసి, కలానికి మూత పెట్టి పక్కన పెట్టాడు.

మర్నాడు ఆయన పొద్దున వెళ్ళినవాడు మధ్యాహ్నం భోజనానికి రాలేదు. ఎక్కడుంటాడో అక్కకి తెలుసు. మైదానం గేటుకి కోర్టువాళ్ళ కాగితం అంటించి ఉంది. రెండు నెలలుగా ఆటలు కూడా ఆపేశారు. కాపలావాడు ఎరిగినవాడే కాబట్టి చిన్న తలుపు తీశాడు. గడ్డి మోకాలి ఎత్తు పెరిగింది. గోలు స్తంభాలకి వల లేదు. మూడో మెట్టు మీద నాన్న ఎండలో కూర్చుని ఉన్నాడు.

అక్క పక్కన కూర్చుంది.

"ఎప్పట్నించి నాన్నా?"

"పడవ మునిగిన పదిహేనో రోజు నించి," అన్నాడు ఆయన, ఎవరో ఎన్నాళ్ళుగానో అడగాల్సిన ప్రశ్న ఇప్పటికి అడిగినట్టు. "సెక్రటరీ ఇంటికొచ్చాడు. పలకరించడానికే వచ్చాడనుకున్నా. పిల్లాడి పేరు జాబితాలోంచి తీసెయ్యలేదండీ, మనసొప్పలేదు, మీరు నెలనెలా వచ్చి సంతకం పెట్టండి, మూడోవంతు మీకు, మిగతాది క్లబ్బు అవసరాలకి అన్నాడు. బయటినించి తెచ్చిన ఆటగాళ్ళకి చాటుగా ఇవ్వడానికట. అప్పుడు మీ అమ్మ మంచం దిగడంలేదు. డాక్టర్లు, మందులు. నువ్వు కూడా అత్తారింటి నించి అప్పుడే వచ్చావు."

"మరి ఇంటికి తెచ్చిన ఆ డబ్బు నీ పెన్షన్ అన్నావుగా?"

"ఏమనమంటావు మరి?"

"వాడి సంతకం నీకెలా వచ్చింది?"

"వాడికి అక్షరాలు దిద్దించింది నేనే కదే. చెయ్యి పట్టుకుని దిద్దించా. ఆ చెయ్యి ఎటు తిరుగుతుందో నాకు తెలీదా?" ఆయన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు. అలా పట్టుకున్నా అది ఆగలేదు. "మొదటి ఏడాది డబ్బుకోసమే పెట్టాను, అబద్ధమెందుకు. తరవాత్తరవాత... ఒకటో తారీఖు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాణ్ణి. ఆఫీసు గదిలో ఒక్కణ్ణే కూర్చుని వాడి పేరు రాస్తుంటే, కలం కదిలినంతసేపూ వాడు పక్కనే ఉన్నట్టుండేది. నా చెయ్యి వాడు పట్టుకుని దిద్దిస్తున్నట్టు. కింద ఆ బంతి చుట్టేటప్పుడు ఒకసారి వాడి నవ్వు కూడా వినపడింది. పిచ్చి అనుకో."

అక్క ఏమీ అనుకోలేదు. రెండు వీధులు పరాయి మనిషి వెంట నడిచిన మనిషి తనేం అంటుంది?

"సెక్రటరీ మొన్న మళ్ళీ వచ్చాడు," అన్నాడు నాన్న. "నోరు విప్పితే ముందు జైలుకి పోయేది మీరే అన్నాడు. కుర్రాడు విదేశాల్లో ఉన్నాడని మా లాయరు చెప్పుకుంటాడు, మీరు ఇంట్లో కూర్చోండి చాలన్నాడు. నువ్వు కూడా ఏమీ అనకమ్మా. నాకోసం కాదు. మీ అమ్మ ముఖం చూస్తున్నావు కదా. ఎన్నేళ్ళయింది ఆ ముఖం అలా ఉండి."

"నేనుగా చెప్పను నాన్నా," అంది అక్క. "కానీ అక్కడ నన్నడిగితే అబద్ధం ఆడలేను. నాకు రాదు."

పన్నెండో తారీఖు పొద్దున్నే అమ్మ తయారై కూర్చుంది. తమ్ముడి చొక్కా ఒకటి ఇస్త్రీ చేయించి సంచిలో పెట్టుకుంది. "కోర్టు పిలిస్తే రాకుండా ఉంటాడా? వాడికి చిన్నప్పట్నించీ పోలీసులంటే భయం," అంది. మోకాళ్ళ నొప్పుల సంగతే మర్చిపోయింది. వద్దన్నా వినలేదు. ఇంట్లో కూర్చోమన్న సెక్రటరీ మాట నాన్న కూడా వినలేదు.

కోర్టు వరండా నిండా క్లబ్బు అభిమానులే. జాబితాలో బతికి లేనివాళ్ళ పేర్లు కూడా ఉన్నాయని అప్పటికే పొక్కింది. "జట్టులో సగం దయ్యాలేనట్రా, అందుకే ఈ ఏడాది ఎవరికీ బంతి కనపడలేదు," అని ఒకడు అంటే చుట్టుపక్కలవాళ్ళు పగలబడి నవ్వారు. అమ్మ కూడా వాళ్ళతోపాటు నవ్వింది. అదెందుకో అక్కకి అందరి నవ్వుకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

జడ్జిగారు జుట్టు పండిన ఆడమనిషి. ఒక్కొక్క ఆటగాణ్ణీ పిలిచి, ఎవరు రమ్మంటే వచ్చేవారు, సెలవు ఎవరిని అడిగేవారు, జీతంలో ఎంత కోసేవారు అని అడుగుతూ వచ్చింది. పదకొండో పేరు తమ్ముడిది. బంట్రోతు తలుపు దగ్గర నిలబడి, ఇంటిపేరుతో సహా గట్టిగా పిలిచాడు. పదేళ్ళుగా ఆ పేరుని ఎవరూ అంత గొంతెత్తి పిలవలేదు. వరండా చివరిదాకా వెళ్ళి అది గోడకి తగిలి వెనక్కి వచ్చింది.

రెండోసారి పిలిచాడు. అమ్మ లేచి నిలబడింది.

మూడోసారి పిలిచినప్పుడు వరండాలో అడుగుల చప్పుడయింది. గబగబా వస్తున్న అడుగులు. అక్క తలుపు కేసి తిరిగింది. పక్కన నాన్న కూడా తలుపు కేసి తిరిగి చూశాడు. నూట ఎనిమిదిసార్లు ఆ సంతకం పెట్టిన మనిషి, ఆయన కూడా చూశాడు. ఎవరో గుమాస్తా ఫైళ్ళు పట్టుకుని లోపలికి వచ్చి, అందరూ తన్నే చూస్తుంటే తడబడి పక్కకి తప్పుకున్నాడు.

క్లబ్బు లాయరు లేచాడు. "ఈ ఆటగాడు ప్రస్తుతం విదేశాల్లో ఉన్నాడండి. పోయిన ఏడాది దాకా మా సెక్రటరీ చేతుల మీదుగానే డబ్బు తీసుకున్నాడు."

"ఇంటివాళ్ళెవరైనా వచ్చారా?" అంది జడ్జిగారు.

అక్క వెళ్ళి బోనులో నిలబడింది. చెక్క అంచుని పట్టుకుంది. అరిగి నున్నబడిన అంచు. వేళ్ళకి అదొక్కటే తెలిసిన వస్తువులా ఉంది.

"మీ తమ్ముణ్ణి చివరిసారి ఎప్పుడు చూశారమ్మా?"

"పదేళ్ళ కిందట. పడవెక్కుతుంటే రేవులో చూశానండి."

"తరవాత?"

అమ్మ సంచిని గుండెకి అదుముకుని ఇటే చూస్తోంది. ఆ వెలుగు ఇంకా ఉంది. అక్క అటు చూస్తూ చెప్పలేకపోయింది. కింద చెక్క కేసి చూస్తూ చెప్పింది.

"పడవ మునిగింది. మా తమ్ముడు చనిపోయాడండి."

అమ్మ నించి ఏ చప్పుడూ రాలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

"చనిపోతే ఈ సంతకాలెవరివి?" అంది జడ్జిగారు.

అక్క నోరు తెరిచింది, మూసింది. వెనక కుర్చీ జరిగిన చప్పుడయింది.

"నావండి," అన్నాడు నాన్న. "అన్నీ నేనే పెట్టాను. అమ్మాయికేం తెలీదు."

లాయరు అరిచాడు, సెక్రటరీ ముఖం చేతిగుడ్డతో తుడుచుకున్నాడు. జడ్జిగారు ఇద్దర్నీ ఊరుకోమని, ఒక తెల్లకాగితం ఇప్పించి రాయమంది. నాన్న బల్ల మీదికి వంగి, చెయ్యి వణుకుతుండగానే, కొడుకు పేరు రాశాడు. తోక పరుగెత్తింది. కొసన బంతి నొక్కుకుపోయింది. జడ్జిగారు దాన్ని ఆఖరి రసీదు పక్కన పెట్టి చాలాసేపు చూసింది. అమ్మ కూర్చుండిపోయింది. ఆ తరవాత ఆమె తలుపు కేసి చూడలేదు.

కేసు తీర్పుకి ఇంకో ఏడు నెలలు పట్టింది. ఆటగాళ్ళంతా క్లబ్బు ఉద్యోగులేననీ, కోసిన పన్ను వడ్డీతో కట్టాలనీ తేలింది. జాబితాలో తమ్ముడిలాంటివాళ్ళు ఇంకో నలుగురున్నారు; ఇద్దరు పోయినవాళ్ళు, ఇద్దరు అసలు పుట్టనివాళ్ళు. సెక్రటరీ మీద వేరే కేసు పెట్టారు. మైదానం అమ్ముడుపోయింది. క్లబ్బు పోటీల్లో రెండు తరగతులు కిందకి దిగిపోయి ఏదో స్కూలు స్థలంలో ఆడుకుంటోంది. నాన్న తనంతట తాను ఒప్పుకున్నాడనీ, వయసు మీదపడిందనీ జైలు తప్పింది. తీసుకున్నది వాయిదాల మీద తిరిగి కట్టాలి.

ఇదంతా తరవాతి మాట. కోర్టు నించి వచ్చాక అమ్మ పది రోజులు నాన్నతో మాట్లాడలేదు. భోజనం వడ్డించేది, మాట్లాడేది కాదు. వీధి తలుపు గడియ మాత్రం మొదటి రోజే వేసింది. పదకొండో రోజు నాన్న టీ కప్పు ఎత్తబోయి సాసరంతా ఒలకబోస్తే, గుడ్డ తెచ్చి తుడుస్తూ అడిగింది.

"ఎప్పట్నించి ఈ వణుకు?"

"మూడేళ్ళయి ఉంటుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? చెబితే కాగితాల మీద ఏం రాస్తున్నారని అడగవూ?"

అమ్మ గుడ్డ పిండి ఆరేసింది. అక్క దుకాణానికి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి, లోపలికి వినపడకుండా అంది.

"మీ నాన్న సంతకాలు పెట్టాడని కాదే నా కోపం. డబ్బు తెచ్చాడు, నా మందులకే పోశాడు, సరే. తొమ్మిదేళ్ళు నెలకోసారి వెళ్ళి వాడితో ఒక్కడే కూర్చొచ్చాడు చూడు. నేను ఇక్కడ గుమ్మం కేసి చూస్తూ ఉన్నా. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, నువ్వూ రావే అనలేదు."

ఆ మాట నాన్నకి చెప్పాలా వద్దా అని అక్క దారి పొడుగునా ఆలోచించింది. చెప్పలేదు. కొన్నాళ్ళకి వాళ్ళిద్దరూ కలిసి నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు. దారిలో ఏం మాట్లాడుకున్నారో ఆమెకి తెలియదు.

తీర్పు వచ్చిన వారానికి, చావు నమోదు చేయించడానికి ముగ్గురూ మున్సిపాలిటీ ఆఫీసుకి వెళ్ళారు. కాగితం మీద అమ్మ తన పేరు పొడిపొడి అక్షరాలతో రాసి, కలం కింద పెట్టి, బయట బెంచీ మీద నాన్న పక్కన కూర్చుంది. మిగతా గడులు నింపుతూ గుమాస్తా తల ఎత్తకుండా అడుగుతూ పోయాడు. పుట్టిన తేదీ. పోయిన తేదీ. చేసిన పని.

"ఫుట్‌బాల్ ఆటగాడు," అంది అక్క.

"వివరాలు చెబుతున్నవాళ్ళు, మీరు ఆయనకేమవుతారు?"

వెనక వరసలో ఎవరో దగ్గారు. అక్క ఆ గడి కేసి చూసింది. చిన్న గడి, ఒక్క మాటకే చోటుంది.

"అక్కని," అంది.

గుమాస్తా రాసుకున్నాడు.